ఎత్తు తక్కువ ఆడవాళ్లకి రోడ్ బైక్: ముందు ఏ కొలత చూడాలి?

మీరు అడిగిందాన్ని ముందు నా మాటల్లో చెప్తాను, పొరపాటుంటే సరిదిద్దండి. ఎత్తు 158 సెం.మీ., కాలి లోపలి కొలత 73 సెం.మీ. ఆరు నెలలుగా మీ అన్నయ్య 54 సైజు రోడ్ బైక్ తొక్కుతున్నారు. ఇరవై కిలోమీటర్లు దాటేసరికి మెడ పట్టేస్తోంది, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, సీటు దగ్గర నొప్పి గురించి ఎవరికీ చెప్పుకోలేకపోతున్నారు. సొంతంగా కొందామని వెళ్తే ఒకరు 50 సైజు ‘లేడీస్ మోడల్’ తీసుకోమన్నారు, ఇంకొకరు 48 సైజు మామూలు ఎండ్యూరెన్స్ (ఎక్కువ దూరం హాయిగా తొక్కడానికి చేసిన) బైక్ చాలన్నారు. ఇవేవీ కాకుండా అన్నయ్య బైక్‌కే పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే చిన్న కడ్డీ) వేయించుకుంటే డబ్బు మిగులుతుంది కదా అన్నది మీ మూడో ఆలోచన.

మూడోదానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. నా ఎత్తు 160. మొదటి రోడ్ బైక్ కొన్నప్పుడు షాపులో 52 సైజు ఒక్కటే మిగిలి ఉంది. చేతులు అందట్లేదని చెబితే 100 మి.మీ. స్టెమ్ తీసి 60 వేశారు, సీటుని పట్టాల మీద పూర్తిగా ముందుకు తోసేశారు. షాపు ముందు రెండు రౌండ్లు తొక్కితే బాగానే అనిపించింది. రోడ్డెక్కాక అసలు సంగతి తెలిసింది. దిగుడులో హ్యాండిల్ కొంచెం కదిపితే బైక్ ఇంతేసి పక్కకి లాగేసేది. సీటు ముందుకి రావడంతో శరీరం బరువంతా చేతుల మీద పడింది, మోకాళ్ల ముందు భాగంలో కొత్త నొప్పి మొదలైంది. ఏడాది ఓర్చుకుని నష్టానికి అమ్మేశాను.

ఆ తర్వాత పదిహేనేళ్లలో చాలామంది స్నేహితురాళ్లకి, వాళ్ల స్నేహితురాళ్లకి బైక్ సరిచేసి పెట్టాను. పొడుగు ఫ్రేమ్‌ని పొట్టి స్టెమ్‌తో దారికి తెచ్చుకోవచ్చనే నమ్మకమే చాలామందిని ముంచింది. సీటు, హ్యాండిల్‌బార్, స్టెమ్, క్రాంక్ (పెడల్‌ని పట్టుకునే కాడ), టైరు, ఇవన్నీ తర్వాత మార్చుకోవచ్చు. ఫ్రేమ్ పొడవు మాత్రం మారదు. అందుకని డబ్బు పెట్టే ముందు బుర్ర పెట్టాల్సింది దాని మీదే.

ఆ పొడవుని చెప్పే అంకె పేరు రీచ్. క్రాంకులు తిరిగే ఇరుసు మధ్య నుంచి, హ్యాండిల్ దిగే గొట్టం పైకొస వరకు అడ్డంగా ఉన్న దూరం అది. అదే రెండు బిందువుల మధ్య నిలువు దూరం స్టాక్. చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో జామెట్రీ పట్టికలో ఈ రెండూ ఇస్తాయి. 48, 50, 54 అనే సైజులని అంతగా నమ్మకండి. అవి ఒకప్పుడు సీటు గొట్టం పొడవుని చెప్పేవి. ఇప్పుడు పై గొట్టం వెనక్కి వాలి ఉండే ఫ్రేములు వచ్చాక ఆ అంకెకి పెద్దగా అర్థం లేదు, ఒక కంపెనీ 48 ఇంకో కంపెనీ 50 కంటే పొడుగ్గా ఉండొచ్చు. మీ ఎత్తుకి ఎండ్యూరెన్స్ తరహా బైకుల్లో రీచ్ 360 నుంచి 370 మి.మీ. మధ్య, స్టాక్ 510 నుంచి 540 మధ్య ఉన్నవి ముందు చూడండి. అన్నయ్య 54 సైజులో రీచ్ మామూలుగా 380 దరిదాపుల్లో ఉంటుంది. కాగితం మీద పదిహేను మిల్లీమీటర్లు ఎంతని అనిపిస్తుంది. మెడకి అది తెలుస్తుంది.

రెండు ఫ్రేములని పోల్చేటప్పుడు రీచ్ ఒక్కటే పక్కపక్కన పెట్టి చూడకూడదు. హ్యాండిల్ గొట్టం నిట్టనిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. స్టెమ్ కింద స్పేసర్లు (పల్చటి రింగులు) వేసి హ్యాండిల్‌ని 10 మి.మీ. పైకి లేపితే అది దాదాపు 3 మి.మీ. మీ వైపు కూడా వస్తుంది. ఉదాహరణకి ఒక ఫ్రేమ్ స్టాక్ 530, రీచ్ 370. ఇంకోదాని స్టాక్ 550, రీచ్ 370. చూడ్డానికి రెండింటి పొడవూ ఒకటే. కానీ మొదటిదానికి 20 మి.మీ. స్పేసర్లు పెట్టి రెండోదాని ఎత్తుకి తెస్తే దాని రీచ్ 364 అవుతుంది. అంటే రెండోదే 6 మి.మీ. పొడుగు. ఈ చిన్న లెక్క షాపులో సగం మంది చెయ్యరు, మీరు ఫోన్‌లో చేసుకుని వెళ్లండి.

ఇంకో మాయ కూడా ఉంది, ఇది చిన్న సైజుల్లోనే కనిపిస్తుంది. పట్టికలో పై గొట్టం పొడవు అని ఒక అంకె ఉంటుంది, పొట్టిగా కనిపిస్తే మనం సంబరపడతాం. కానీ చాలా కంపెనీలు చిన్న ఫ్రేముల్లో సీటు గొట్టాన్ని నిటారుగా చేసేస్తాయి, 73 డిగ్రీలు ఉండాల్సింది 75 చేస్తాయి. దాంతో సీటు ముందుకి వస్తుంది, పై గొట్టం తగ్గినట్టు కనిపిస్తుంది. మీ సీటు ఎత్తులో ఒక్కో డిగ్రీకి సుమారు 1 సెం.మీ. తేడా వస్తుంది. మీ మోకాళ్లకి కావలసిన చోటుకి సీటుని మళ్లీ వెనక్కి జరిపారో, ఆ రెండు సెంటీమీటర్లూ తిరిగొచ్చేస్తాయి. కాబట్టి పై గొట్టం పొట్టిగా ఉండి రీచ్ మాత్రం పెద్ద సైజులతో సమానంగా ఉన్న ఫ్రేమ్‌ కనిపిస్తే వదిలెయ్యండి, అది నిజంగా పొట్టి ఫ్రేమ్ కాదు.

ఇక ‘లేడీస్ మోడల్’ సంగతి. 1985లో అమెరికాలో జార్జీనా టెర్రీ అనే మెకానికల్ ఇంజినీరు ఆడవాళ్ల కోసం సైకిళ్ల కంపెనీ పెట్టారు. ఆవిడ బైకుల్లో ముందు చక్రం వెనక చక్రం కంటే చిన్నది, 24 అంగుళాలు. చూడ్డానికి వింతగా ఉన్నా అందులో తర్కం ఉంది: ముందు చక్రం చిన్నదైతే ఫ్రేమ్‌ని నిజంగానే పొట్టిగా కట్టొచ్చు, కాలి వేళ్లు చక్రానికి తగలవు. తర్వాత పెద్ద కంపెనీలు కూడా ఆడవాళ్ల ఫ్రేములు తెచ్చాయి. ఆడవాళ్లకి కాళ్లు పొడుగు, నడుము పైభాగం పొట్టి అన్న సూత్రం మీద చాలావరకు అవి నడిచాయి. కొన్నిట్లో శ్రద్ధ ఉంది, కొన్నిట్లో రంగు మాత్రమే మారింది. స్పెషలైజ్డ్ అనే సైకిళ్ల కంపెనీ 2012లో రెటూల్ అనే, మనిషి కొలతలు తీసి బైక్ సరిచేసే ఫిట్టింగ్ కంపెనీని కొనుక్కుంది. అలా పోగైన కొలతలు చూశాక, ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్య ఉన్న తేడా కంటే ఆడవాళ్లలో ఒకరికొకరికి ఉన్న తేడాయే ఎక్కువని చెప్పి, ఇద్దరికీ ఒకే ఫ్రేమ్ చేయడం మొదలుపెట్టింది. జెయింట్ కంపెనీ వాళ్ల లివ్ బ్రాండ్ మాత్రం ఇప్పటికీ ఆడవాళ్ల కోసం విడిగా ఫ్రేములు గీస్తోంది. ఎవరు రైట్ అని నన్నడిగితే, మీ ఒక్కరి విషయంలో ఆ చర్చ అక్కర్లేదు. 158కి 73 అంటే మీ కాళ్లు విపరీతంగా పొడుగూ కాదు, పొట్టీ కాదు. సగటు ఆడమనిషికి కాదు, మీకు సరిపోవాలి. ‘లేడీస్’ అని రాసిన 50లో రీచ్ 365 ఉంటే తీసుకోండి, 378 ఉంటే ఆ పేరు చూసి మోసపోకండి.

ఆ పేరుతో వచ్చే బైకుల్లో నిజంగా పనికొచ్చేవి వేరే: ఇరుకు హ్యాండిల్‌బార్, పొట్టి క్రాంక్, దగ్గరగా ఉండే బ్రేక్ లివర్లు, సరైన సీటు. ఇవే మామూలు బైక్‌లోనూ మార్పించుకోవచ్చు. కొనే రోజే అడిగితే చాలా షాపులు తేడా డబ్బు తీసుకుని మార్చి ఇస్తాయి. నెల తర్వాత అడిగితే అన్నీ కొత్తగా కొనుక్కోవాల్సిందే.

సీటు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ ఇక్కడే నోరు మూసుకుంటారు. ‘అలవాటైపోతుంది’ అని మీకు ఎవరో చెప్పారని రాశారు. మొదటి రెండు వారాలు పిరుదుల కింది ఎముకల దగ్గర ఉండే సలుపు అలవాటవుతుంది, అది నిజమే. ముందు భాగంలో, ప్రైవేట్ పార్ట్ దగ్గర తిమ్మిరి, వాపు, ఒరుసుకుపోవడం అలవాటు కావాల్సినవి కావు. అక్కడ బరువు పడకూడదు. పడుతోందంటే సీటు తప్పు, లేదా సీటు పెట్టిన తీరు తప్పు. బైక్ మానేసినా కొన్ని రోజులకి వాపు తగ్గకపోతే, గడ్డలా చేతికి తగిలితే గైనకాలజిస్టుకి చూపించండి. సిగ్గుపడి నెలలు గడిపేసినవాళ్లని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీ ఎముకల మధ్య దూరం ఇంట్లోనే కొలుచుకోవచ్చు. అట్టపెట్టె ముక్కని, అదే లోపల మడతలుండే రకం, గట్టి మెట్టు మీద పెట్టండి. పల్చటి బట్టలతో దాని మీద కూర్చుని, మోకాళ్లు కొంచెం పైకెత్తి, బైక్ మీద ఉన్నట్టు ముందుకి వంగి ఒక నిమిషం ఉండండి. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. చీకట్లో టార్చి పక్కనుంచి వేస్తే ఇంకా బాగా తెలుస్తాయి. ఆ గుంటల మధ్యల దూరానికి 2 నుంచి 3 సెం.మీ. కలపండి, మీ సీటు వెడల్పు ఉజ్జాయింపుగా అది. 12.5 వస్తే 14.5 నుంచి 15.5 సెం.మీ. దాకా చూడాలి. మార్కెట్లో 143, 155 మి.మీ. అని దొరికేవి ఆ కోవలోవే. రోడ్ బైక్‌లతో వచ్చే సీటు చాలాసార్లు దీనికంటే ఇరుకు. సీటు ఇరుకైతే ఎముకలు అంచులు దాటిపోయి, బరువంతా మధ్యలోని మెత్తని చోట పడుతుంది.

ఇక్కడే చాలామంది మెత్తటి జెల్ సీటు కొంటారు, నేనూ కొన్నాను. మెత్తదనం మొదటి పావుగంటకే. తర్వాత ఎముకలు జెల్‌లోకి దిగిపోతాయి, అక్కడి జెల్ పక్కలకి జరిగి మధ్యలోకి ఉబ్బుతుంది, ఎక్కడ ఒత్తిడి ఉండకూడదో సరిగ్గా అక్కడే ఒత్తుతుంది. అందుకే దూరం తొక్కేవాళ్ల సీట్లు గట్టిగా ఉంటాయి. మధ్యలో పొడుగాటి ఖాళీ ఉండి, ముక్కు పొట్టిగా ఉన్న రకం చాలామంది ఆడవాళ్లకి కుదురుతుంది. అందరికీ కాదు, ఆ ఖాళీ అంచులు కోసుకుపోతున్నాయనే వాళ్లూ ఉన్నారు. నాకు నాలుగో సీటు కుదిరింది. తొక్కి చూసి నచ్చకపోతే తిరిగిచ్చే వీలున్న చోట కొనండి.

సీటు మార్చే ముందు ఎత్తు సరిచూడండి, చాలాసార్లు నిజమైన దొంగ అదే. సీటు మరీ ఎత్తైతే ప్రతి పెడల్‌కీ నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపుకే చర్మం ఒరుసుకుపోతుంది. సైకిల్ రేసర్ గ్రెగ్ లెమాండ్ పేరుతో చెలామణీ అయ్యే లెక్క ఒకటుంది: కాలి లోపలి కొలతని 0.883తో హెచ్చవేస్తే క్రాంకులు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగానికి ఉండాల్సిన దూరం వస్తుంది. మీకు 64.5 సెం.మీ. ఇది మొదలుపెట్టడానికే. దాని మీద కూర్చుని, మడమని పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారు కావాలి, నడుము ఒరగకూడదు. అక్కడి నుంచి మూడేసి మిల్లీమీటర్లు మార్చుకుంటూ వెళ్లండి. సీటు ముక్కుని ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచితే ముందు ఒత్తిడి తగ్గుతుంది. అంతకంటే వంచితే ముందుకి జారి చేతుల మీద పడతారు, తిమ్మిరి అక్కడికి మారుతుంది.

ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదన్న సంగతి తెలుసు కదా? చాలాసార్లు లోదుస్తుల కుట్లే పుండ్లకి కారణం. రైడ్ అవ్వగానే షార్ట్స్ మార్చేసుకోండి, తడితో కూర్చుని కబుర్లు చెప్పుకోవద్దు.

చేతుల తిమ్మిరి విషయంలో ఒకటి గమనించండి. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారుతున్నాయా? అరచేతి అంచున వెళ్లే నరం మీద బరువు పడుతోందన్నమాట. మీ విషయంలో ఫ్రేమ్ పొడుగు వల్ల మోచేతులు నిటారుగా బిగుసుకుని ఉంటాయి, రోడ్డు మీది ప్రతి గతుకూ నేరుగా మెడకెక్కుతుంది. సరైన ఫ్రేమ్ మీద మోచేతులు కొంచెం మడిచి, హ్యాండిల్ మీద వాయించేంత తేలిగ్గా వేళ్లు ఆడించగలగాలి. టెస్ట్ రైడ్‌లో ఒక పని చేయండి: సమతలంగా, ట్రాఫిక్ లేని చోట మామూలు వేగంతో తొక్కుతూ రెండు చేతులనీ హ్యాండిల్ నుంచి అర అంగుళం పైకి లేపండి. దబ్బున ముందుకి పడిపోతుంటే సీటు ముందుకి ఎక్కువైంది, లేదా హ్యాండిల్ దూరమైంది. రెండు క్షణాలు నిలబడగలిగితే బరువు సరిగ్గా సర్దుకున్నట్టే.

హ్యాండిల్‌బార్ వెడల్పు మీ భుజాల ఎముకల మధ్య దూరానికి దగ్గరగా ఉండాలి, మీ ఎత్తువాళ్లకి మామూలుగా 36 లేదా 38 సెం.మీ. అన్నయ్య బైక్‌కి 42 ఉండొచ్చు. వెడల్పు ఎక్కువైతే చేతులు విప్పుకుని, చేరాల్సిన దూరం ఇంకాస్త పెరుగుతుంది. అలాగే కిందికి వంగిన భాగం లోతు, ముందుకి సాగిన పొడవు తక్కువ ఉండే ‘కాంపాక్ట్’ రకం అడగండి. స్టెమ్ 80 లేదా 90 దగ్గర కుదిరితే ఆ ఫ్రేమ్ మీదే. 70 కంటే తగ్గించాల్సి వస్తే ఫ్రేమ్ పెద్దదని అర్థం.

బ్రేకులు భద్రతకి సంబంధించినవి. వంగిన భాగం పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు లివర్ మీద సునాయాసంగా పడాలి. వేలికొసలతో గోకాల్సి వస్తే దిగుడులో భయమేస్తుంది, ఆ భయానికి భుజాలు బిగుస్తాయి. చాలా లివర్లలో దగ్గరికి జరిపే చిన్న స్క్రూ ఉంటుంది, దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. గేర్లు, బ్రేకులు చేసే షిమానో కంపెనీ నుంచి చిన్న చేతుల కోసమే చేసిన లివర్లు కూడా వచ్చాయి, 105 అనే రకంలో ఎస్‌టీ-ఆర్7025, టియాగ్రా అనే రకంలో ఎస్‌టీ-4725. దగ్గరికి జరిపాక గట్టిగా నొక్కి, లివర్ బార్‌కి తగలకముందే చక్రం ఆగుతోందో లేదో చూడండి. చేతి బలం తక్కువైనవాళ్లకి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు నిజంగా పెద్ద ఊరట, బడ్జెట్‌లో ఒక్కటే పెంచగలిగితే నేను దీనికే పెంచుతాను. తేలిక చక్రాలకి కాదు.

క్రాంక్ 165 మి.మీ. అడగండి, 160 దొరికితే ఇంకా మంచిది. చిన్న ఫ్రేములకి కూడా 170 బిగించి పంపే కంపెనీలున్నాయి. క్రాంక్ 5 మి.మీ. తగ్గితే సీటు 5 మి.మీ. పెంచుతాం, పెడల్ పైకొచ్చినప్పుడు సీటుకి 10 మి.మీ. ఎక్కువ దూరంలో ఉంటుంది, మోకాలు అంత తక్కువ మడవాలి. తొడ పొట్టకి గుద్దుకోదు, వంగడం తేలికవుతుంది. గేర్లు ముందు 50, 34 పళ్ల రెండు చక్రాలు, వెనక 34 పళ్ల దాకా ఉంటే ఎక్కుడుకి చాలు.

టైర్లు 28 లేదా 32 మి.మీ. వెడల్పువి పట్టే ఫ్రేమ్ తీసుకోండి. పక్కన ముద్రించిన గాలి అంకె గరిష్ఠం, అంత కొట్టమని కాదు. 28 టైరుకి మీ బరువు 55 కిలోల దరిదాపుల్లో ఉంటే 60 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, రిమ్ తగలనంతవరకు తగ్గించి చూడండి. ఎనభై కిలోల మనిషి కొట్టే గాలినే మీరూ కొడితే రోడ్డు మీది ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు.

చిన్న ఫ్రేముల్లో ఇంకొక్క పరీక్ష: పెడల్‌ని అడ్డంగా ముందుకి పెట్టి, బూటు వేసుకున్న కాలు దాని మీద ఉంచి, హ్యాండిల్ తిప్పి చూడండి. వేలు ముందు చక్రానికి తగలొచ్చు. వేగంలో హ్యాండిల్ అంత తిప్పం కాబట్టి కొంచెం తగిలినా ప్రమాదం లేదు, కానీ సిగ్నల్ దగ్గర మెల్లగా మళ్లేటప్పుడు పడ్డవాళ్లున్నారు. మరీ ఎక్కువ తగిలితే 650బి చక్రాలుండే చిన్న ఫ్రేములు వెతకండి, కొన్ని కంపెనీలు తమ అతి చిన్న సైజుల్లో అవి వేస్తాయి.

ఇప్పుడు మీ రెండు బైకుల మాట. మీరు పంపిన అంకెల ప్రకారం 50 సైజు ‘లేడీస్’ది రీచ్ 374, స్టాక్ 528. ఎండ్యూరెన్స్ 48ది రీచ్ 366, స్టాక్ 532. రెండోదే. అది పొట్టి, పైగా 4 మి.మీ. ఎత్తు కూడా. దాని మీదున్న 100 స్టెమ్ తీసి 80, బార్ 38, క్రాంక్ 165 వేయించండి, సీటు మీ కొలత ప్రకారం. ఇవన్నీ బిల్లు కట్టకముందే మాట్లాడుకోండి. షాపు ముందు రెండు రౌండ్లతో సరిపెట్టుకోకుండా మీ షార్ట్స్, మీ బూట్లతో కనీసం నలభై నిమిషాలు తొక్కి చూడండి. మీ నొప్పి ఇరవై కిలోమీటర్ల తర్వాత మొదలవుతుందని మీరే రాశారు, ఐదు నిమిషాల రైడ్‌లో అది బయటపడదు. స్టెమ్ కింద స్పేసర్లన్నీ అలాగే ఉంచమనండి, స్టెమ్ బిగించే గొట్టాన్ని మెకానిక్ కోసెయ్యకుండా ఆపండి. రెండు నెలల తర్వాత నడుము అలవాటుపడ్డాక ఒక్కో స్పేసర్ కిందికి దించుకోవాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు. ఒకసారి కోసిన గొట్టం మళ్లీ పెరగదు.

అన్నయ్య బైక్ ఆయనకే వదిలెయ్యండి. సీటు ఎత్తు ఎంతకి పెట్టి ఇచ్చారో టేపు అంటించి గుర్తు పెట్టారనుకుంటాను. లేకపోతే తిరిగిచ్చే ముందు సరిచేయండి, మగవాళ్లు ఆ విషయంలో మనకంటే ఎక్కువ గొణుగుతారు.